విశాఖ ఓడ ప్రయాణం: మధ్య రోజంతా నీళ్ళ మీదే, అమ్మానాన్నలకు తోస్తుందా?

గంటస్తంభం (విజయనగరం) | జూన్ 4

అందరికీ నమస్కారం. ఒక సలహా కావాలి. మా నాన్నగారు ఆర్టీసీలో 34 ఏళ్ళు కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఎక్కువకాలం పాలకొండ, పార్వతీపురం రూట్లే. అమ్మ ఇల్లు దాటింది తక్కువ. పుట్టింటికి వెళ్ళాలన్నా నాన్న డ్యూటీ ఉన్న బస్సే ఎక్కేది. ఆవిడ ముందు సీట్లో కూర్చుంటే ఆయన వెనకాల టిక్కెట్లు కొడుతూ ఉండేవారు. మొన్న వైశాఖంలో వాళ్ళ పెళ్ళయి నలభై ఏళ్ళు నిండాయి. చెల్లీ నేనూ కలిసి ఇద్దరినీ ఎక్కడికైనా పంపాలనుకున్నాం.

విశాఖలో ఎక్కే క్రూయిజ్ ఓడ గురించి చూశాను. సాయంత్రం బయలుదేరుతుంది. మర్నాడు పొద్దుట్నుంచి రాత్రి దాకా సముద్రం మీదే. ఆ మర్నాడు పుదుచ్చేరి, ఆ తర్వాత చెన్నైలో దింపేస్తారు. అక్కణ్ణుంచి రైలు. నా టెన్షన్ అంతా ఆ మధ్య రోజు గురించే. నాన్న ఒక్కచోట పది నిమిషాలు కూర్చోరు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైగా నీళ్ళంటే భయం. దిగడానికి ఊరు లేదు, చూడడానికి గుడి లేదు. రోజంతా వాళ్ళకి తోస్తుందా? వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

చీపురుపల్లి జంక్షన్ | జూన్ 4

తమ్ముడూ, నా మాట వింటే ఆ డబ్బుతో హాయిగా రైల్లో పుదుచ్చేరి, చిదంబరం, శ్రీరంగం తిప్పి తీసుకురా. పెద్దవాళ్ళకి దర్శనాలుంటేనే తృప్తి. ఒక రోజంతా నీళ్ళు చూస్తూ కూర్చోవడానికి అంత ఖర్చెందుకు? నేనైతే మా అమ్మని పంపను.

సాలూరు లారీ | జూన్ 4

నేనూ ఇదే అడుగుదామనుకున్నాను. ఇక్కడే ఉంటాను, చెప్పండి.

మెరైన్ ఇంజనీర్ (సోంపేట) | జూన్ 5

22 ఏళ్ళు సరుకు ఓడల్లో ఇంజన్ రూమ్‌లో పనిచేశాను. ప్రయాణికుడిగా వెళ్ళింది ఒక్కసారే. తోస్తుందో లేదో వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళు చెప్తారు గాని, ఓడ సంగతి నేను చెప్తాను.

విశాఖకి వచ్చిన ఎంప్రెస్ అనే ఓడ 1990లో ఫ్రాన్స్‌లో కట్టింది. అమెరికా వైపు చాలాకాలం తిరిగింది. మన దేశంలో 2021లో మొదలైంది. పొడవు 210 మీటర్ల పైచిలుకు. తొమ్మిది రైలు పెట్టెలు వరసగా పెట్టినంత అనుకోండి. అంత ఓడలో మీ నాన్నగారు నడవడానికి చోటుకేం కొదవలేదు.

విశాఖ నుంచి పుదుచ్చేరికి సముద్రం మీద సూటిగా దాదాపు 750 కి.మీ. దానికి ఒక రాత్రి, ఒక పగలు, ఇంకో రాత్రి తీసుకుంటారు. లెక్కేస్తే గంటకి 20 కి.మీ. చిల్లర. కుర్రాడు సైకిల్ తొక్కే వేగం. ఓడ అంతకంటే వేగంగా పోగలదు, కానీ పోదు. ఆ నిదానమే అక్కడ అమ్మే సరుకు.

రూమ్ తీసుకునేటప్పుడు రెండు విషయాలు చూడండి. ఒకటి, ఓడ పొడవులో మధ్యన, కింది అంతస్తుల్లో తీసుకోండి. జూన్, జూలైల్లో గాలి నైరుతి నుంచి వీస్తుంది, ఓడ పోయేదీ అటే. అంటే కెరటం ముందు నుంచి తగులుతుంది, ముక్కు లేచి పడుతుంది. తిరగలి తిప్పుతుంటే అంచు తిరిగినంత నడుమ తిరగదు కదా, అలాగే మధ్య రూముల్లో కుదుపు తక్కువ. ఇలాంటి ఓడలకి పక్కలకి ఒరగకుండా నీటి అడుగున రెక్కలుంటాయి గాని, ముందూ వెనకా ఊగే ఊపుకి అవి పనికిరావు. రెండోది, దక్షిణానికి వెళ్ళే ఓడలో తూర్పు ఎడమ చేతివైపు ఉంటుంది. పొద్దు పొడవడం గదిలోంచే చూడాలంటే ఎడమవైపు అడగండి.

వానాకాలంలో సముద్రమా అని భయపడకండి. ఆ నెలల్లో అల్లకల్లోలంగా ఉండేది అరేబియా సముద్రం. మన వైపు అంత ఉండదు. మనకి భయం తుపాన్ల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తిత్లీ అక్టోబరు 11నే వచ్చింది, సోంపేట, పలాస వాళ్ళకి ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు.

అరసవల్లి టీచరమ్మ | జూన్ 5

బాబూ, మేమిద్దరం కిందటేడు జూలైలో ఇదే దారిలో వెళ్ళాం. కాబట్టి నేను చెప్పగలను. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మేమిద్దరం టీచర్లమే. ఆయన లెక్కల మాస్టారు. ఆయనకి టెక్కలి వైపు, నాకు పొందూరు వైపు పోస్టింగులు. పిల్లల చదువులకని శ్రీకాకుళంలో కాపురం. పొద్దున్న ఆయన ఒక బస్సు, నేనొక బస్సు. కొన్నేళ్ళు ఆయన అక్కడే గది తీసుకుని శనివారం శనివారం వచ్చేవారు. 36 ఏళ్ళ కాపురంలో బెల్లు లేని రోజు మాకు తెలియదు. రిటైరయ్యాక కూడా ఇంట్లో మనవలు, పూజలు, వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. ఇద్దరం ఒకచోట, ఏ పనీ లేకుండా ఒక పగలు గడిపింది ఆ ఓడ మీదే మొదటిసారి. చీపురుపల్లి బాబు దండగ అన్న ఆ రోజే, నా మటుకు నాకు, మొత్తం ప్రయాణం. పుదుచ్చేరి చూశాం, బాగుంది. కానీ ఇంటికొచ్చి తలుచుకునేది ఆ మధ్య రోజునే.

ముందు కష్టం చెప్తాను. మాకు బుక్ చేసిన ఏజెంటు కిటికీ ఉన్న గది అని చెప్పి డబ్బు తీసుకున్నాడు. తీరా తలుపు తీస్తే నాలుగు గోడలు, ఒక అద్దం. అడిగితే అన్నీ నిండిపోయాయన్నారు. ఆ రాత్రి నాకు తల తిరిగి, తిన్నదంతా పోయింది. ఈయన తడిగుడ్డ పట్టుకుని నా పక్కనే కూర్చున్నారు. పొరపాటు చేశామా అనుకున్నాను. నువ్వు మాత్రం టిక్కెట్టు మీద గది రకం, నంబరు రాసి ఉన్నాయో లేదో చూసుకుని డబ్బు కట్టు.

బయలుదేరేటప్పుడు ఒకటి చూశాం. హార్బర్ దాటాక, డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెనక్కి జరుగుతుండగా, ఒక చిన్న బోటు వచ్చి మా ఓడని అంటుకుని పరుగెత్తుతోంది. ఓడ పక్కనుంచి తాళ్ళ నిచ్చెన వేశారు. పోర్టు నుంచి మా ఓడని బయటికి నడిపించిన పైలట్ ఆ నిచ్చెన దిగి, బోటు కెరటం మీద పైకి లేచిన క్షణం చూసి అందులోకి అడుగేశాడు. మేమిద్దరం ఊపిరి బిగపట్టాం. ఆయన దిగిపోయి చెయ్యి ఊపాడు. అప్పుడు నాకు అనిపించింది, ఇంక ఒడ్డుతో పని లేదని.

మిగతాది రాత్రికి రాస్తాను. మనవడు వచ్చాడు.

మందులబ్బాయి (రాజాం) | జూన్ 5

టీచరమ్మ గారు వాంతుల మాట అన్నారు కాబట్టి చెప్తున్నాను. ఓడలో తల తిరగడం జబ్బు కాదు. గదిలో ఉన్నప్పుడు కన్ను గోడ కదలడం లేదంటుంది, లోపలి చెవి ఊగుతున్నావంటుంది. ఆ రెంటికీ పొంతన కుదరక వికారం పుడుతుంది. అందుకే గదిలో పడుకుని ఫోన్ చూస్తే ఎక్కువవుతుంది, బయటికొచ్చి దూరాన ఆకాశం, నీళ్ళు కలిసే గీత చూస్తే తగ్గుతుంది. అవోమిన్ లాంటి మాత్ర వేసుకుంటే ఓడ ఎక్కడానికి ముందే వేసుకోవాలి. మొదలయ్యాక వేస్తే అదీ వాంతిలో పోతుంది. కానీ ఆ మాత్రకి మగత వస్తుంది. పెద్దవాళ్ళు రాత్రి బాత్రూమ్‌కి లేచి పడిపోయే ప్రమాదం ఉంది. కంట్లో ప్రెషర్ ఉన్నవాళ్ళు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న మగవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. అల్లం ముక్క ఉప్పులో అద్దుకుని బుగ్గన పెట్టుకున్నా కొంతమందికి సరిపోతుంది. బీపీ, షుగర్ మాత్రలు చేతిసంచిలోనే ఉంచండి. పెద్ద పెట్టెలు తీసేసుకుని తర్వాత గదికి పంపుతారు, అవి వచ్చేసరికి మాత్ర వేళ దాటిపోతుంది.

అరసవల్లి టీచరమ్మ | జూన్ 5, రాత్రి

ఆ మర్నాడు. తెల్లారకముందే నాలుగున్నరకి నాకు మెలకువ వచ్చింది. కిటికీ లేదు కదా, పగలో రాత్రో తెలీదు. మంచం అడుగున ఇంజను చప్పుడు, పక్కింట్లో ఎవరో మెల్లగా పిండి విసురుతున్నట్టు. ఇద్దరం శాలువాలు కప్పుకుని పైకి వెళ్ళాం. మెట్లెక్కక్కర్లేదు, లిఫ్ట్ ఉంది, మీ అమ్మగారి మోకాళ్ళకి ఇబ్బంది లేదు.

పైన గాలి. చీర కొంగు నిలవలేదు, పిన్ను పెట్టుకోవాల్సిందే, మీ అమ్మగారికి చెప్పు. తూర్పున మబ్బు అంచు ఎర్రబడింది. మాది అరసవల్లి, పొద్దు పొడవడం కొత్తా? ఆయన చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నారు. చుట్టూ ఎటు చూసినా ఒక్కటే గీత. కొండ లేదు, తాటిచెట్టు లేదు, తెప్ప లేదు.

టిఫిన్ అయ్యాక, ఈయన టిష్యూ కాగితం మీద పెన్నుతో లెక్క మొదలుపెట్టారు. కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 3.57తో గుణిస్తే మనకి కనపడే గీత ఎన్ని కిలోమీటర్ల దూరమో వస్తుందట. మేము నిల్చున్నచోటు నీటికి 25 మీటర్లు ఎత్తుంటుందనుకున్నాం. ఐదుని 3.57తో గుణిస్తే దాదాపు 18. అదే కళింగపట్నం ఒడ్డున నిల్చుంటే నాలుగున్నర కిలోమీటర్లే. "ఇన్నాళ్ళూ సముద్రమంతా చూస్తున్నామనుకున్నాం, చూసింది నాలుగున్నర కిలోమీటర్లే" అన్నారు. తర్వాత వలయం వైశాల్యం కట్టారు. సుమారు వెయ్యి చదరపు కిలోమీటర్లు. "ఈ వెయ్యి చదరపు కిలోమీటర్లలో ఇంకో ఓడ లేదు" అని కాగితం మడిచి నా చేతికిచ్చారు. నా పర్సులో ఇప్పటికీ ఉంది.

ఫోన్‌కి రాత్రే సిగ్నల్ పోయింది. మొదటి రెండు గంటలూ చెయ్యి ఊరికే దానిమీదికి పోయేది. తర్వాత గదిలో పడేసి వచ్చాను. ఓడలో ఆటలున్నాయి, డాన్సులున్నాయి, ఈత కొలను ఉంది, మైకులో పిలుస్తూనే ఉన్నారు. పిల్లలు బాగా ఆనందించారు. మేము వెళ్ళలేదు.

భోజనం సంగతి. అన్నం, పప్పు, కూరలు, పెరుగు దొరుకుతాయి, శాకాహారులకి ఇబ్బంది లేదు. కారం మన కారం కాదు. కాఫీ నాకు నచ్చలేదు. బయట తిండి లోపలికి రానివ్వరు, నేను కట్టుకెళ్ళిన జంతికలు గేటు దగ్గరే ఇచ్చేశాను.

మధ్యాహ్నం నీడ ఉన్న వైపు రెండు కుర్చీలు చూసుకుని కూర్చున్నాం. చాలాసేపు మాటల్లేవు. ఆ తర్వాత ఆయన ఉన్నట్టుండి "నీకు ఏ పాఠం చెప్పడం ఇష్టంగా ఉండేది?" అని అడిగారు. 36 ఏళ్ళలో అడగలేదు. ఇద్దరం ఒకే ఉద్యోగం చేశాం, ఇంటికొచ్చి మాట్లాడింది డీఏలు, ట్రాన్స్‌ఫర్లు, పిల్లల ఫీజులు. నేను కొంచెం ఆలోచించి, మూడో తరగతి పిల్లలకి వాన ఎలా కురుస్తుందో చెప్పే పాఠం అన్నాను. ఎలా చెప్పేదానివి అన్నారు. గిన్నెలో నీళ్ళు మరిగించి పైన పళ్ళెం పెట్టి చూపించేదాన్ని, పళ్ళెం అడుగున చెమ్మ పట్టి బొట్టు రాలగానే పిల్లలు "వాన, వాన" అని అరిచేవాళ్ళు అని చెప్పాను. ఆయన నాచేత మళ్ళీ చెప్పించుకున్నారు. ఆయన సంగతి అడిగితే భిన్నాలు అన్నారు. పొట్టకూటికి వచ్చిన పిల్లాడికి కూడా అర రొట్టె, పావు రొట్టె అర్థమవుతుంది, వాడి కళ్ళు వెలిగేది అక్కడే అన్నారు.

ఇంక సాయంత్రం. బాబూ, మన తీరం వాళ్ళం పుట్టి బుద్ధెరిగాక సూర్యుడు సముద్రంలోంచి లేవడమే చూశాం. కుంకేది ఎప్పుడూ కొండల వెనకో, చెట్ల వెనకో. ఆ రోజు ఓడ కుడివైపుకి వెళ్ళి నిల్చున్నాం. మబ్బు పట్టే ఉంది గాని, చివర్లో కింద ఒక బారెడు మేర విడిపోయింది. పొద్దు ఆ సందులోకి దిగింది. ముందు గుండ్రంగా, నీటికి తగలగానే అడుగు వెడల్పయి కుండలాగ, తర్వాత మూకుడులాగ, తర్వాత ఒక నిప్పురవ్వ. అంతే. ఈయన నెమ్మదిగా "రోజూ లేపడమే చూశాం, మన స్వామిని నిద్రపుచ్చింది ఇవాళే" అన్నారు. అరసవల్లిలో ఏడాదికి రెండుసార్లు కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి, ఆ మార్చిలో, ఆ అక్టోబరులో తెల్లారకుండానే వెళ్ళి జనంలో నిల్చుంటాం. ఇది మాత్రం జనం లేకుండా చూశాం.

తోస్తుందా అన్నావు. మాకు చాలలేదు.

పొందూరు నూలు | జూన్ 6

టీచరమ్మా, నేను మీ దగ్గర మూడో తరగతి చదివానేమో! గిన్నె మీద పళ్ళెం నాకు బాగా గుర్తు. మా బడి రైల్వే గేటుకి ఇవతల.

అరసవల్లి టీచరమ్మ | జూన్ 6

అయితే నా పిల్లాడివే. ఇంటికి రా నాన్నా, మాస్టారికి చూపిస్తాను.

వంశధార మొగ (కళింగపట్నం) | జూన్ 6

అందరూ రాసింది రెండుసార్లు చదివాను. మాది వేటకెళ్ళే ఇల్లు. ఇప్పుడు వేట నిషేధం నడుస్తోంది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. మా నాన్న పద్నాలుగో ఏట తెప్ప ఎక్కాడు. మా వైపు చాలామంది లాగే కొన్నేళ్ళు గుజరాత్‌లో వేరావల్ వెళ్ళి అక్కడి బోట్ల మీద పనిచేశాడు. 2018లో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు అక్కడ వేటకెళ్ళి పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఆ ఏడాదితో నాన్నని మేమే మాన్పించేశాం.

నేను చెప్పొచ్చేదేమిటంటే, నాన్నకి సముద్రం అంటే పని. గాలి ఎటు, నీటి రంగు ఏంటి, వల ఎక్కడ. అమ్మకి సముద్రం అంటే ఒడ్డున నిలబడి ఎదురుచూడడం. యాభై ఏళ్ళు ఒకే సముద్రాన్ని చూశారు, ఒక్కసారి కూడా కలిసి దాని మీద లేరు. మా ఆడవాళ్ళు వేట పడవ ఎక్కరు. టీచరమ్మ రెండు కుర్చీల మాట చదివాక ఆ కుర్చీల్లో వాళ్ళిద్దరినీ ఊహించుకున్నాను. డబ్బు కూడబెట్టడం ఈ నెలనుంచే మొదలుపెడతాను.

గంటస్తంభం గారూ, మీ అమ్మగారి భయానికి మా నాన్న మాట చెప్పండి. "కెరటాన్ని చూడొద్దు, ఆకాశం నీళ్ళు కలిసేచోట చూపు పెట్టు, అది కదలదు." రాజాం అన్నయ్య చెప్పిందీ అదే. ఇంకొకటి. మీవాళ్ళు వెళ్ళేసరికి నిషేధం అయిపోతుంది. రాత్రి దూరంగా దీపాలు కనిపిస్తే అవి మావాళ్ళవే అయ్యుండొచ్చు.

మెరైన్ ఇంజనీర్ (సోంపేట) | జూన్ 6

తమ్ముడు చెప్పిన దీపాల గురించి ఒక మాట. పెద్ద బోటు వల లాగుతుంటే తెల్ల దీపం మీద ఆకుపచ్చ దీపం ఉంటుంది. వేరే రకం వేటయితే తెలుపు మీద ఎరుపు. మేము బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, కాపలా ఉన్నవాళ్ళని అడిగితే, అవి చూడగానే దారి తప్పించి పోవాలని చెప్పేవాళ్ళు. చిన్న ఫైబర్ పడవల మీద ఒక్క బ్యాటరీ లైటే ఉంటుంది, కెరటం వెనక్కి పోతే అదీ కనపడదు. రాత్రిళ్ళు మన కుర్రాళ్ళు వాటి మీద నిద్రపోతారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మన తీరం దాటేటప్పుడు నాకు గుండె దడగానే ఉండేది.

రంగం ఇల్లు (బారువ) | జూన్ 7

మా ఇంటిని ఊళ్ళో ఇప్పటికీ రంగం ఇల్లు అంటారు. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అనేవారు కదా. మా అమ్మమ్మ ఏడేళ్ళ పిల్లప్పుడు వాళ్ళ అమ్మానాన్నలతో ఓడెక్కి రంగం వెళ్ళింది. మన ఉత్తరాంధ్ర రేవుల నుంచి మిల్లుల్లో, రేవుల్లో కూలి పనికి వేలమంది అలా వెళ్ళారు. అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారట, కోరంగి రేవు పేరు మీద.

వాళ్ళకి గది లేదు, మంచం లేదు. డెక్కు మీదే చాప, డెక్కు మీదే తిండి. మూటలో అటుకులు, బెల్లం, ఎండుచేప. అమ్మమ్మ వాంతులతో మొదటి రోజు నీరసించిపోయింది. రెండో రోజు వాళ్ళమ్మ బొగ్గుముక్కతో డెక్కు చెక్క మీద గడులు గీసి, చింతపిక్కలు అరగదీసి, అష్టాచెమ్మా ఆడించింది. చుట్టుపక్కల చాపల వాళ్ళూ చేరారు. నాన్న, అమ్మ, తాను, ఎవరో భీమిలి ఆవిడ. మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలు పెట్టేదాకా ఆడారట. నాన్న గెలిచి, గెలిచినందుకు అమ్మకి దణ్ణం పెట్టాడట, అందరూ నవ్వారట. అమ్మమ్మ ఈ సంగతి చెప్పినప్పుడల్లా చేత్తో నేలమీద గడులు గీసేది.

1942లో జపాన్ వాళ్ళు రంగం పట్టుకున్నప్పుడు తిరిగి రావడానికి ఓడ దొరకలేదు. కొండలు, అడవులు నడిచి వచ్చారు. దారిలో వాళ్ళమ్మ పోయింది. అందుకే అమ్మమ్మకి తల్లి జ్ఞాపకం అంటే ఆ ఓడ మీద రోజే.

మీ అమ్మానాన్నలకి గవ్వలు ఇచ్చి పంపండి. అవి తిండి కాదు కాబట్టి గేటు దగ్గర ఎవరూ ఆపరు.

చీపురుపల్లి జంక్షన్ | జూన్ 7

నేను మొదట రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. దర్శనాలకి ఇంకోసారి తీసుకెళ్ళొచ్చు. పంపించు తమ్ముడూ.

గంటస్తంభం (విజయనగరం) | జూన్ 9

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. టిక్కెట్లు తీశాను. ఎడమవైపు, ఓడ మధ్యలో, కిటికీ ఉన్న గది. నంబరు రాసి ఉంది, రెండుసార్లు చూసుకున్నాను. మన దేశంలోనే తిరిగే ఓడ కాబట్టి పాస్‌పోర్టు అక్కర్లేదు, ఆధార్ చాలన్నారు. నాన్న అప్పుడే ఓడలో ఎన్ని అంతస్తులు, స్టాపులు ఎన్ని అని అడుగుతున్నారు. అమ్మ మాత్రం ఏమీ అనడం లేదు. నిన్న రాత్రి పైడితల్లి అమ్మవారి ముడుపు కట్టింది.

సాలూరు లారీ | జూన్ 9

వెళ్ళొచ్చాక తప్పకుండా రాయండి.

గంటస్తంభం (విజయనగరం) | జూలై 14

రాస్తానన్నాను కదా. అమ్మానాన్నలు క్షేమంగా వచ్చారు. మొన్నటి నుంచి ఇద్దరి చేతా కాస్త కాస్త చెప్పించుకుని రాస్తున్నాను.

ఓడ ఎక్కించే రోజు పోర్టులో లైను పెద్దదే. అమ్మకి కుర్చీ అడిగి తెచ్చాను. లోపలికి వెళ్ళాక ముందు లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో, సైరన్ మోగితే ఎక్కడికి రావాలో అందరికీ చూపించారట. అమ్మ అది చూసి ఇంకా భయపడింది. నాన్న మాత్రం తన బస్సులో అత్యవసర ద్వారం చూపించినట్టు, అమ్మని వెంటబెట్టుకుని ఆ దారంతా నడిపించి, ఎన్ని అడుగులో లెక్కపెట్టించారట. ఆ తర్వాత అమ్మకి భయం సగం తగ్గింది.

మధ్య రోజు. నాన్నకి ఫస్ట్ బస్సు అలవాటు, మూడున్నరకే లేస్తారు. లేచి పైకి వెళ్ళి, పది నిమిషాల్లో పరుగున వచ్చి అమ్మని లేపారట. ఇద్దరూ వెళ్ళి చూస్తే చీకట్లో దూరంగా దీపాలు. ఒకటి తెలుపు మీద ఆకుపచ్చ. నేను చెప్పి పంపాను కాబట్టి నాన్న గుర్తుపట్టి అమ్మకి చెప్పారు. అమ్మ వాటికి దణ్ణం పెట్టింది. వంశధార తమ్ముడూ, ఇది నీకు ప్రత్యేకంగా చెప్పమంది.

పొద్దున్నంతా నాన్న ఓడ తిరిగారు. వంటవాళ్ళతో, ఊడ్చేవాళ్ళతో మాట్లాడారు. ఎవరిది ఏ ఊరో అన్నీ కనుక్కున్నారు. పదకొండు దాటాక వచ్చి అమ్మ పక్కన కుర్చీలో కూర్చున్నారు. కూర్చుని లేవలేదట. గవ్వలు తీశారు. టిష్యూ మీద గడులు గీసుకుంటే గాలికి ఎగిరిపోయింది. అమ్మ తన కొంగు పరిచి, బొట్టుపెట్టెలో కాటుక తీసి కొంగు మీదే గీసింది. పాత చీరేలే అంటోంది గాని, అది పాతది కాదు, చెల్లి మొన్న కొన్న పొందూరు చీర. ఎవరు గెలిచారంటే ఇద్దరూ చెప్పడం లేదు. ఆ చీర మాత్రం ఉతకడానికి ఇవ్వలేదు, మడత పెట్టి బీరువాలో పెట్టింది.

సాయంత్రం మబ్బు వల్ల పొద్దు కుంకడం సరిగ్గా కనపడలేదట. టీచరమ్మ గారికి అది చెప్పమన్నారు, మళ్ళీ వెళ్ళాల్సిందే అంటున్నారు.

అమ్మని విడిగా అడిగాను, ఆ రోజు తోచిందా అని. అమ్మ అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "నలభై ఏళ్ళలో మీ నాన్న బస్సు ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదురా. పక్క సీటు ఖాళీగా ఉన్నా ఆయన కూర్చోడానికి లేదు, డ్యూటీ. ఎవరో ఒకరు వచ్చి కూర్చునేవారు. ఆయన నా పక్కన కూర్చుని ప్రయాణం చెయ్యడం ఇదే."

అరసవల్లి టీచరమ్మ | జూలై 14

బాబూ, చదివి ఈయనకి వినిపించాను. ఈయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. అమ్మగారిని ఒకసారి అరసవల్లి తీసుకురా, మా ఇంట్లో భోంచేసి వెళ్ళాలి.

వంశధార మొగ (కళింగపట్నం) | జూలై 15

అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. నేను ఇప్పటిదాకా కూడబెట్టింది తక్కువే, సంక్రాంతి దాటాక చూస్తాను. మా నాన్నని అడిగితే "నేను ప్రయాణికుడిగానా?" అన్నాడు. అమ్మ మాత్రం ఏ వైపు గది అయితే పొద్దు కనపడుతుందని అడిగింది.

మెరైన్ ఇంజనీర్ (సోంపేట) | జూలై 15

ఎడమవైపు తమ్ముడూ. బుక్ చేసేటప్పుడు నాకు ఫోన్ చెయ్యి, గది నంబరు చూసి చెప్తాను.